సభకు వెళ్తానంటున్న పంతులమ్మకు

పలాస

చిరంజీవి అమ్మడికి,



నువ్వు ఉద్యోగానికి రాజీనామా పెట్టి వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో టెక్కలి నుంచి నిలబడాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నాచేత వద్దనిపించాలని దాని ఉద్దేశం. నేను వద్దనను. అలాగని వెనకనుంచి తొయ్యను కూడా. పంతుళ్లకు రాజకీయాలెందుకనే మాట మన జిల్లాలో చెల్లదు. పంతులైతే చాలు మంచి ఎమ్మెల్యే అయిపోతాడన్నదీ చెల్లదు. బడిలో అలవడినవాటిలో సభకు ఏది పట్టుకెళ్లాలో, ఏది బడి గుమ్మం దగ్గరే వదిలెయ్యాలో తెలిసినవాళ్లకే అక్కడ విలువ దక్కింది. ఈ ఉత్తరమంతా దాని గురించే.

ముందు చట్టం సంగతి చూద్దాం. నువ్వు జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌వి, జీతం ప్రభుత్వానిది. ప్రభుత్వం కింద లాభదాయకమైన పదవిలో ఉన్నవాళ్లు శాసనసభకు అనర్హులని రాజ్యాంగం 191వ అధికరణ చెప్తుంది. సెలవు పెట్టి పోటీ చేద్దామంటే కుదరదు. నామినేషన్ల పరిశీలన నాటికి రాజీనామా ఆమోదం పొంది చేతిలో ఉండాలి. ఓడిపోతే తిరిగి బళ్లోకి వచ్చే హక్కు ఉండదు. స్వచ్ఛంద పదవీ విరమణ దారి వేరే ఉందిగానీ దానికి ఇరవై ఏళ్ల సర్వీసు నిండాలి, నీకింకా నిండలేదు. పైగా 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినదానివి, నీది కాంట్రిబ్యూటరీ పింఛను, సీపీఎస్. పాత పింఛను మీద ఆశ పెట్టుకుని దిగిన మా కాలంవాళ్ల ధైర్యం నీకు చెల్లదు. అల్లుడితో కూర్చుని పిల్లల చదువులు, ఇంటి అప్పు, మీ అత్తగారి మందులు అన్నీ కాగితం మీద వేసి చూసుకోండి. జీతం లేకుండా ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుందో తేలాకే మిగతా మాటలు.

ఇంకో దారి ఉంది కదా, శాసనమండలి అంటావేమో. అదీ చెప్తాను. మన మండలిని 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేయించింది, 2007లో మళ్లీ వచ్చింది. ఇప్పుడున్న 58 స్థానాల్లో ఉపాధ్యాయులవి 5, పట్టభద్రులవి 5. ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ నియోజకవర్గమంటే ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలు మొత్తం. అక్కడ 2019లో పాకలపాటి రఘువర్మ గెలిచారు, 2025 మార్చిలో గాదె శ్రీనివాసులు నాయుడు గెలిచారు. పట్టభద్రుల స్థానం నుంచి 2023లో అర్థశాస్త్రం పాఠాలు చెప్పిన వేపాడ చిరంజీవిరావు గెలిచారు. తెలంగాణ వైపు ఐఐటీ పాఠాలకు పేరుపడ్డ చుక్కా రామయ్యగారు 2007లో ఉపాధ్యాయుల ఓట్లతోనే మండలికి వెళ్లారు. ఇది గౌరవమైన దారి. అయితే ఒక్క సంగతి గమనించు. సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థలో పనిచేస్తున్నవాళ్లకే రాజ్యాంగం ఆ ఓటు ఇచ్చింది. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించే ఎస్జీటీకి ఓటు లేదు. తమకు ఓటు లేని ఎన్నికలో తమ గోడు ఎవరికి పడుతుందని ప్రాథమిక పాఠశాల టీచర్లు అడుగుతూనే ఉన్నారు. పైగా నువ్వు మాట్లాడాలనుకుంటున్నది సర్వీసు రూల్స్, డీఏ బకాయిల గురించి కాదు, మూలపేట పోర్టు గురించి, ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి. దానికి తగిన చోటు శాసనసభే. ఆ లెక్కన నీ ఆలోచన సరైనదే.

ఇక నీకు ముందు ఆ దారిన నడిచినవాళ్ల సంగతి. ఎన్.జి.రంగాగారిది గుంటూరు జిల్లా నిడుబ్రోలు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకొచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో అర్థశాస్త్రం బోధించారు. 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టారు. మధ్యలో ఓటములున్నా 1991 దాకా చట్టసభల్లో కనబడుతూనే ఉన్నారు. మన బారువకు చెందిన గౌతు లచ్చన్నగారు ఆయన్ని గురువుగా చూసుకునేవారు. 1967లో లచ్చన్నగారు శ్రీకాకుళం లోక్‌సభ స్థానం గెలిచి ఖాళీ చేస్తే, ఉప ఎన్నికలో రంగాగారు గెలిచి మన జిల్లా ఎంపీ అయ్యారు. కృష్ణకు అవతలి మాస్టారికి ఉద్దానం రైతు ఓటేశాడు. ఆ ఓటు ఉపన్యాసాలు విని వేసింది కాదు. రంగాగారు కళాశాల వదిలినా బోధన వదల్లేదు. నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి రైతుబిడ్డలకు శిస్తు, కౌలు, అప్పు, చట్టం నేర్పారు. వాళ్లు ఊళ్లకెళ్లి సంఘాలు పెట్టారు. ఆ గాలి మన వైపూ వీచింది. 1940లో అఖిల భారత కిసాన్ సభ సమావేశం పలాసలో జరిగింది. అదే ఏడాది ఏప్రిల్ 1న మందస జమీందారీ మీద పోరులో గుడారి రాజమణిపురంలో సాసుమాను గున్నమ్మ పోలీసు కాల్పుల్లో ప్రాణమిచ్చింది. నాయకుడు తన చుట్టూ తెలిసినవాళ్లను పెంచాలిగానీ చేతులెత్తి దండం పెట్టేవాళ్లను కాదని రంగాగారి దగ్గర నేర్చుకో.

మన జిల్లా పంతుళ్ల కథలో ఇంకో పాయ కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి నీకు సలహా చెప్పలేను. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. గిరిజనుల భూమి షావుకార్ల చేతుల్లోకి పోవడం బళ్లో పనిచేస్తూ కళ్లారా చూశారు, చివరికి ఆయుధం పట్టారు. 1970 జులైలో ఇద్దరూ చనిపోయారు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పేరుకు మారకుండా అడ్డుకట్ట వేసిన 1/70 నిబంధన వచ్చిందీ ఆ ఏడాదే. వాళ్ల దారిని నేను నీకు చూపించడం లేదు. కొండ మీద అన్యాయమైనా, సముద్రం ఒడ్డున అన్యాయమైనా చివరికి ఒక చట్టంలోనో, ఒక జీవోలోనో ముడిపడి ఉంటుంది. ముడి ఉన్నచోట కూర్చునే హక్కు ఎమ్మెల్యేకి ఉంది. అది చిన్న హక్కు కాదు.

దగ్గరి కాలానికి వద్దాం. పాముల పుష్పశ్రీవాణి రాజకీయాలకు ముందు ఉపాధ్యాయురాలు. 2014లో కురుపాం నుంచి గెలిచారు, 2019లో మళ్లీ గెలిచి ఉప ముఖ్యమంత్రి, గిరిజన సంక్షేమ మంత్రి అయ్యారు. 2022 ఏప్రిల్‌లో మంత్రివర్గం మారినప్పుడు పదవి పోయింది. 2024లో తోయక జగదీశ్వరి చేతిలో ఓడిపోయారు. అరకు నుంచి 2019లో ఎంపీగా గెలిచిన గొడ్డేటి మాధవి కూడా బళ్లో వ్యాయామ ఉపాధ్యాయురాలే. రాజకీయాల్లో ఎక్కడం ఎంత వేగమో దిగడమూ అంతే వేగం. నీకు డీఎస్సీలో వచ్చిన ఉద్యోగానికి అరవై రెండు దాకా భరోసా ఉంది. ఎమ్మెల్యేకి అయిదేళ్లే, మంత్రికి అదీ లేదు. ఆడపిల్లవి, మన వైపు గెలవగలవా అని మీ అమ్మకో భయం. 2009 ఉప ఎన్నికలో టెక్కలి ప్రజలు కొర్ల భారతిని గెలిపించారు. పలాసలో 2024లో లచ్చన్నగారి మనవరాలు గౌతు శిరీష గెలిచారు. అయితే వీళ్ల వెనక ఇళ్లున్నాయి, పేర్లున్నాయి. నీ వెనక నువ్వు పాఠాలు చెప్పిన పిల్లలున్నారు. అది తక్కువ బలగమేమీ కాదుగానీ పోలింగ్ ఏజెంట్లుగా పనికి రావాలంటే వాళ్లు పెద్దవాళ్లవాలి. చట్టసభల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్లకు ఇస్తూ 2023లో 106వ రాజ్యాంగ సవరణ వచ్చింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాశారు. అప్పటికి టెక్కలి హద్దులే మారొచ్చు. ఆ సీటు వస్తుందని లెక్కేసుకుని ఉద్యోగం వదలకు.

ఇప్పుడు అసలు మాట. పంతులికి గొంతు ఉంటుంది కాబట్టి సభలో రాణిస్తాడని అందరూ అనుకుంటారు. సభలో గొంతున్నవాళ్లకు కరువు లేదు. నీ దగ్గరున్న అసలు విద్య అప్పజెప్పించుకోవడం. పాఠం చెప్పి ఊరుకోవు, మర్నాడు అడుగుతావు, రాకపోతే మళ్లీ అడుగుతావు, వచ్చేదాకా ఆ పిల్లాణ్ని వదలవు. శాసనసభలో చెయ్యాల్సిందీ అదే, కాకపోతే అక్కడ అప్పజెప్పాల్సినవాడు మంత్రి. నక్షత్రం గుర్తున్న ప్రశ్న వేస్తే మంత్రి లేచి నోటితో చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వకంగా జవాబిస్తారు. చేస్తాం, పరిశీలిస్తాం, త్వరలో పూర్తి చేస్తాం అని మంత్రి సభలో అన్న మాట రికార్డుకెక్కుతుంది. ఆ మాటలను వెంటాడటానికే ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఖర్చుల మీద కాగ్ రాసిన నివేదికను పరిశీలించడానికి ప్రజా పద్దుల కమిటీ ఉంది. ఈ కమిటీ గదుల్లోకి టీవీ కెమెరాలు రావు, అందుకే చాలామందికి వాటి మీద మనసుండదు. నువ్వు అక్కడ కుర్చీ అడుగు.

అడగడానికి నీ చుట్టూ ఎన్ని ఉన్నాయో చూడు. ఉద్దానంలో కిడ్నీలు పోతున్నాయని దశాబ్దాలుగా వింటున్నాం, అసలు కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. అదే రోజు హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం ఊళ్లకు నీళ్లిచ్చే రూ.700 కోట్ల పథకమూ ప్రారంభించారు. ఏ పార్టీ తెచ్చిందన్న వాదన టీ కొట్టు దగ్గరివాళ్లకు వదిలెయ్. ఆసుపత్రికి మంజూరైన నెఫ్రాలజిస్టు పోస్టులెన్ని, అందులో నిండినవెన్ని? ఏ ఊరి కుళాయిలో నీళ్లు ఎన్ని గంటలు వస్తున్నాయి? పరిశోధన కేంద్రం ఇంతవరకూ ఏం తేల్చింది? ఈ మూడు ప్రశ్నలు ప్రతి సమావేశంలోనూ వెయ్యి. ప్రభుత్వం మారినా ప్రశ్నలు మార్చకు. నీ పార్టీయే అధికారంలో ఉంటే మరీ మార్చకు.

మీ మూలపేట సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. భావనపాడు పోర్టన్నదాన్ని మూలపేట పోర్టని పేరు మార్చి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేశారు. రూ.4,362 కోట్లు, నాలుగు బెర్తులు, ఏడాదికి 23.5 మిలియన్ టన్నుల సామర్థ్యమని అప్పుడు చెప్పారు. మూలపేట, విష్ణుచక్రం ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి నౌపడ వైపు కదలాల్సి వచ్చింది. పోర్టు మంచిదా చెడ్డదా అని నిన్ను ప్రతి సభలోనూ అడుగుతారు. ఆ ప్రశ్న ఉచ్చులో పడకు. భూమి ఇచ్చినవాడికి పరిహారం ఎప్పుడందింది, కాలనీలో నీళ్లు, డ్రైనేజీ ఉన్నాయా, మర పడవవాడికి లంగరు వేసుకునే జాగా ఎక్కడ, ఉప్పు మడుల్లో కూలికి పోయేవాడికి పోర్టులో ఏ పని దొరుకుతుంది, ఆ పనికి కావాల్సిన ఐటీఐ చదువు మన పిల్లలకు ఎవరు చెప్తున్నారు? వీటికి జవాబు రాబట్టగలిగితే మంచో చెడో జనమే తేల్చుకుంటారు.

కాగితం చదివినవాళ్లు ఏం చెయ్యగలరో సోంపేట చూపించింది. అక్కడి బీల నేలను, అంటే చిత్తడి నేలను, థర్మల్ కేంద్రానికి ఇచ్చారు. బీడు భూమని రాసిన చోట నీళ్లూ, చేపలూ, పంటా ఉన్నాయని ఊళ్లవాళ్లు రోడ్డెక్కారు. వాళ్ల పక్షాన నిలిచిన చదువుకున్నవాళ్లు ఫైళ్లు పట్టుకుని ఢిల్లీ దాకా వెళ్లారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న మీ సంతబొమ్మాళి మండలంలోనే కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. బీల నేలను బీడని రాసిన ఫైలు మొదట కదిలినప్పుడే సభలో ఎవరైనా అడిగి ఉంటే అన్నది నా బాధ. ప్రాణాలు పోయాక పరామర్శకు వెళ్లే ఎమ్మెల్యేలను చాలామందిని చూశాం. ఫైలు కదిలిన రోజే అడిగే ఎమ్మెల్యే కావాలి.

జీడి సంగతీ అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి తోటలు పడగొట్టేసింది. జీడి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. ఇప్పుడు పంట చేతికొస్తే ధర లేదు. 80 కేజీల పిక్కల బస్తాకు మద్దతు ధర కట్టమని రైతులు ధర్నాలు చేస్తూనే ఉన్నారు. బయటి దేశాల పిక్కలు ఎంత దిగుతున్నాయి, వాటి మీద సుంకం ఎంత, అది ఢిల్లీ చేతిలోదా, అమరావతి చేతిలోదా? ఇది తెలియకుండా రైతుల టెంటులో కూర్చుని ఆవేశపడితే ఫోటో వస్తుంది, బస్తా ధర పెరగదు.

ఇక గుమ్మం దగ్గర వదిలెయ్యాల్సినవి. మొదటిది, నాకు తెలుసు మీరు వినండి అనే ధోరణి. ముప్పై ఏళ్లు బెత్తం పట్టుకున్న మాకు అది ఒంట్లోకి ఇంకిపోతుంది. ఓటరు నీ విద్యార్థి కాదమ్మా, పరీక్ష పెట్టేది అతనే, మార్కులు వేసేదీ అతనే. 1994లో ఎన్టీఆరంతటివాడు హిందూపురంతో పాటు టెక్కలిలోనూ గెలిచి, హిందూపురం ఉంచుకుని మనల్ని వదులుకున్నారు. టెక్కలివాళ్లు పెద్ద పేర్లకు బెదరరు, పెద్ద మాటలకు అసలే బెదరరు. రెండోది, అందరూ వరసలో కూర్చోవాలన్న ఆశ. నీ ఇంటి అరుగు మీదకి పొద్దున్నే పింఛనుకొచ్చినవాడు, బదిలీకొచ్చినవాడు, పోలీసు కేసులో కొడుకుని విడిపించమని వచ్చినవాడు ఒక్కసారే వస్తారు. అందరికీ జవాబు చెప్పాలి, కొందరికి కాదని చెప్పాలి. కాదన్న మాట కోపం లేకుండా చెప్పడం నేర్చుకో. మూడోది, తోటి టీచర్ల మీది పక్షపాతం. 2022లో జీవో 117 వచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతులు హైస్కూళ్లకు తరలినప్పుడు మన సంఘాలు గట్టిగా పోరాడాయి. 2025లో దాన్ని రద్దు చేశారు. ఆ పోరాటంలో మన పోస్టుల మాట ఎంత వినబడిందో, రోడ్డు దాటి నడిచే ఏడేళ్ల పిల్ల మాట అంత వినబడాలి. సభలో నువ్వు ఆ పిల్ల తరఫున ఉండాలి.

డబ్బు మాట చెప్పకుండా ముగించలేను. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం పెట్టిన పరిమితి రూ.40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క దాఖలు చెయ్యాలి, చెయ్యనివాళ్ల మీద మూడేళ్లు అనర్హత వేటు పడొచ్చు. పరిమితి లోపల ఎన్నిక చెయ్యడం ఎంత కష్టమో ఊరందరికీ తెలుసు. ఆ పైసొమ్ము ఎవడిస్తాడో వాడి ఫైలే మొదట నీ బల్ల మీదకొస్తుంది. మీ అమ్మ బంగారం, అల్లుడి పొలం తాకట్టు పెట్టి మాత్రం దిగొద్దు. అప్పుతో గెలిచినవాళ్లు అప్పు తీర్చడానికే అయిదేళ్లూ ఖర్చుపెడతారు.

నా తీర్పు ఇదీ. ఇప్పుడే రాజీనామా వద్దు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ పార్టీ జెండా ముట్టుకోకు, వాట్సాప్‌లో కూడా ఎవరి తరఫునా రాయకు, నియమావళి ఒప్పదు. కానీ పౌరురాలిగా సమాచార హక్కు చట్టం నీకూ ఉంది. ఆసుపత్రి పోస్టులు, మంచినీటి పథకం, పునరావాస కాలనీ మూడింటి మీద అర్జీలు పెట్టు. వచ్చిన జవాబులు తేదీలవారీగా ఫైలు కట్టు. గ్రామసభ జరిగితే వెళ్లి వెనక వరసలో కూర్చో, ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు నోరు విప్పడం లేదో చూడు. మన జిల్లా ఎమ్మెల్యేలు వేసిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు చదువు. ఈ పని విసుగనిపిస్తే రాజకీయం నీది కాదని అప్పుడే తేలిపోతుంది, ఉద్యోగమూ ఉంటుంది. విసుగు పుట్టకపోతే, ఇంటి లెక్క కుదిరితే, రాజీనామా రాసి ముందు పంచాయతీకో, జడ్పీటీసీకో నిలబడు. ఊరి కాలువ గురించి జవాబు చెప్పిన చోటు నుంచి సభకు వెళ్లినవాళ్లకు కాళ్లు నేల మీద ఉంటాయి.

ఆ ఫైలు కట్టడం మొదలుపెట్టాక పలాస రా. మీ అమ్మతో నేనే మాట్లాడతాను. సమాచార హక్కు అర్జీ పెట్టకముందు మాత్రం రాజీనామా కాగితం రాయకు.

మీ మావయ్య